గ్రామసభల మాట్లాడబోయే మా బిడ్డకు

బిడ్డా,

మీ గల్లీకి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తలేవని ఈసారి గ్రామసభల అడుగుతవట, మీ అమ్మ ఫోన్ల చెప్పింది. మంచి పని. దేవరకొండ దిక్కు పంచాయతీ కార్యదర్శిగ చేసి రిటైరైనోన్ని, రిజిస్టర్ రాసినోని మాట జర విను.

సర్పంచ్, వార్డు సభ్యులు కూసునే పాలకవర్గం మీటింగుకు పోకు, అండ్ల నీకు మాట్లాడే హక్కు లేదు. గ్రామసభ అట్ల కాదు. ఓటరు లిస్టుల పేరున్నోళ్లందరు దాని సభ్యులే. రెండు నెలలకొక్కసారన్న పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలనే ఉన్నది. నిన్నెవరు పిలిచిండ్రని ఎవరన్న అంటే, ఓటరునని చెప్పి కూసో.

సభకు ముందే కార్యదర్శికి దరఖాస్తు ఇయ్యి. రెండు కాపీలు తీస్కపో, ఒకదాని మీద తేదీ, ముద్ర, సంతకం ఏపిచ్చుకో. "నీళ్లు సరిగ వస్తలేవు" అని రాస్తే "చూస్తం" అంటరు, అంతే. ఏ గల్లీ, ఎన్ని ఇండ్లు, ఎన్ని రోజులకొకసారి వస్తున్నయి, ఇంటికి ఎన్ని బిందెలు నిండుతున్నయి, వాల్వు తిప్పేదెవరు, ఇవి రాయి. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగినోళ్లను చూసిన జిల్లా మనది. నీళ్ల ముచ్చట ఎత్తితే తీసిపారేసే ధైర్యం ఎవరికీ ఉండది.

ఒక్కదానివే పోకు. బిందెలు మోసే ఆడోళ్లను ఎంబడి తీస్కపో. ఎవరు ఏ పార్టీ, ఎవరికి ఓటేసిండ్రు అన్న మాట నోట్లకెళ్లి రానియ్యకు, వచ్చిందంటే నీళ్లు పక్కకు పోయి కొట్లాట మిగుల్తది. సర్పంచమ్మ పక్కన ఆమె పెనిమిటి కూసోని జవాబులు చెప్తుంటే, నువ్వు ఆమె దిక్కే చూసి ఆమెనే అడుగు. (ఈ రోగం మన దగ్గర ఇప్పట్ల పోయేది కాదు.)

ఇగ అసలు ముచ్చట తీర్మానాల రిజిస్టర్. ఎంత గట్టిగ మాట్లాడినా అండ్ల ఎక్కకపోతే మాట్లాడనట్టే. చానా ఊర్లల్ల సభ షురూ కాంగనే "సంతకాలు పెట్టుండ్రి" అని రిజిస్టర్ తిప్పుతరు, తీర్మానాలు తర్వాత ఆఫీసుల కూసోని రాస్తరు. అన్నిసార్లు మోసమని కాదు, పని ఒత్తిడి గూడ ఉంటది. కానీ నువ్వు ఖాళీ పేజీల సంతకం పెట్టకు. "మా నీళ్ల సంగతి ఏమని రాసిండ్రో చదివి వినిపియ్యిండ్రి సార్" అని అందరి ముందట అడుగు. పని, జాగ, ఎవరు చేయాలె, ఎన్నటిలోపు, ఈ నాలుగూ ఉన్నయా చూడు. "చర్చించనైనది" అని ముగిస్తే ఒప్పుకోకు, "తీర్మానించనైనది" అని రాయిపియ్యి. చివరి వరుసకూ సంతకాలకూ నడుమ జాగ మిగిల్తే అడ్డగీత కొట్టియ్యుమను. సంతకం అటెనుక పెట్టు, వీలైతే ఆ పేజీ ఫోటో తీస్కో.

ఫోటో తియ్యనియ్యకపోతే లొల్లి చెయ్యకు. సమాచార హక్కు చట్టం కింద తీర్మానం నకలు కావాలని దరఖాస్తు పెట్టు. ఊరి పంచాయతీల దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజులల్ల ఇయ్యాలె. నకలు చేతికొచ్చినంక గూడ పని గాకపోతే, ముద్ర ఏసిన నీ దరఖాస్తూ అదీ కలిపి నల్లగొండ కలెక్టరేట్ల సోమవారం జనాల ఫిర్యాదులు తీస్కునే ప్రజావాణికి తీస్కపో.

దరఖాస్తు రాసినంక ఇచ్చే ముందు నాకు వాట్సాప్ల పంపు, ఒకసారి చూస్త.

మీ పెదనాయిన