సెరటోనిన్‌పై పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతోంది. మెదడు రక్తనాళాలకు వెళ్లే నరాల్లో సెరటోనిన్ ఎలా విచ్ఛిన్నమవుతుందో పరిశోధిస్తానంటోంది. మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరమంటే వినడం లేదు. ఈ దారిలో భవిష్యత్తు ఉందా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఉందండీ. ముందు మీ అమ్మాయి పట్టుకున్న విషయమేమిటో చెబుతాను.

సెరటోనిన్ శరీరంలో సంకేతాలు మోసే ఒక రసాయనం. దాని పేరు అనగానే అందరికీ మానసిక స్థితే గుర్తొస్తుంది. కానీ 1948లో క్లీవ్‌లాండ్ శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసింది రక్తం నుంచి, అదీ నాళాలను బిగించే పదార్థం కోసం వెతుకుతూ. మెదడు పైభాగంలోని ధమనుల చుట్టూ అల్లుకున్న సింపథెటిక్ నరాలు (మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాల్లో ఒక రకం) సెరటోనిన్‌ను లోపలికి తీసుకోగలవు. అక్కడ మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్, ముఖ్యంగా అందులోని ‘ఏ’ రకం, దాన్ని విడగొడుతుంది. చివరికి మిగిలే 5-హెచ్‌ఐఏఏ అనే వ్యర్థ పదార్థం మూత్రంలో బయటికి పోతుంది.

దీని అవసరం మందుల దుకాణం దాకా ఉంది. సెరటోనిన్ గ్రాహకాలపై (ఆ రసాయనం సంకేతాన్ని అందుకునే కణభాగాలపై) పనిచేసే మైగ్రేన్ మందు సుమట్రిప్టాన్‌ను విడగొట్టేదీ ఇదే ఎంజైమ్. అందుకే దీన్ని అడ్డుకునే మందులు వాడేవారికి సుమట్రిప్టాన్ ఇవ్వరు. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ కూడా ఈ ఎంజైమ్‌ను కొంత అడ్డుకుంటుంది, డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం. ఇలాంటి దుష్ప్రభావాలను కనిపెట్టే ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

ల్యాబ్‌లో పని ఓపికతో కూడినది. ఎలుక మెదడుపై సన్నటి ధమనిని మైక్రోస్కోప్ కింద తెగకుండా తీయాలి. ఎంజైమ్ చురుకుదనం తెలుసుకోవాలంటే కైనురామైన్ అనే రసాయనం కలుపుతారు. అది 4-హైడ్రాక్సీ క్వినోలిన్‌గా మారి, అతినీలలోహిత కాంతి పడితే మెరుస్తుంది. ఆ మెరుపునే కొలుస్తారు. ఈ కొలతలు, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పద్ధతి) వచ్చినవారికి ఔషధ కంపెనీల్లో మందు శరీరంలో ఎలా మారుతుందో చూసే డ్రగ్ మెటబాలిజం విభాగాల్లో మంచి అవకాశాలుంటాయి. అంశం ఇరుకైనదే, నైపుణ్యం మాత్రం కాదు.

నాకున్న సందేహం ఒక్కటే, జంతువులతో పని. బీఫార్మసీలో ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్ సిమ్యులేషన్లే చూపిస్తున్నారు కాబట్టి ఆమెకు ఆ అనుభవం ఉండకపోవచ్చు. కొందరు పిల్లలు ఎంఫార్మసీలో చేరాక అది తట్టుకోలేక నలిగిపోతారు. ఈ వేసవిలోనే ఏదైనా ఫార్మకాలజీ (మందులు శరీరంపై ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రం) ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌ చేయించండి. సరిపడకపోతే కణాలపై ప్రయోగాల వైపు వెళ్లవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు.

చివరి సంవత్సరంలో ఫార్మసీ పీజీ కోసం జరిగే జాతీయ అర్హత పరీక్ష జీప్యాట్ రాయాలి. ఆ అర్హతతో నైపర్ (జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష నైపర్ జేఈఈ రాస్తే హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్‌లో ఎంఫార్మసీ లాంటి పీజీ కోర్సు ఎంఎస్ (ఫార్మ్) ఫార్మకాలజీ అండ్ టాక్సికాలజీకి పోటీపడవచ్చు. జీప్యాట్‌తో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉంది. తర్వాత పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మీరు భయపడుతున్నట్టు ఏళ్ల తరబడి మీ చేతి డబ్బుతోనే చదివించాల్సిన పనిలేదు.

ఎంఫార్మసీలో అచ్చంగా ఇదే అంశం కావాలని పట్టుపట్టవద్దని చెప్పండి. నరాల ఔషధాలపై పనిచేసే మంచి గైడు దొరికితే చాలు, ఈ ప్రశ్నను పీహెచ్‌డీలో చేపట్టవచ్చు. కోడింగ్ మాట మాత్రం జీప్యాట్ అయ్యేవరకు ఇంట్లో ఎత్తకండి. బయోకెమిస్ట్రీ పుస్తకంలో ఎంజైమ్ కైనెటిక్స్ (ఎంజైమ్ పనిచేసే వేగం లెక్కలు) అధ్యాయాన్ని ఇప్పటినుంచే లెక్కలు చేస్తూ చదవమనండి.