వాచీ అంకె ఒకటి, ట్రెడ్‌మిల్ అంకె ఇంకొకటి

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. వయసు 71, మాది రాజమహేంద్రవరం. రక్తపోటుకు ఆరేళ్లుగా మెటోప్రొలాల్ వాడుతున్నాను; కుడి మోకాలు అరిగింది. రోజూ గోదావరి గట్టున అరగంట నడుస్తాను. మా అమ్మాయి కొనిచ్చిన వాచీ నా వీఓటూ మ్యాక్స్ 33 అంటోంది. గత నెల టీఎమ్‌టీ (ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష) చేయించుకుంటే 7 మెట్స్ అని, గుండె వేగం 112 దగ్గరే ఆగినందువల్ల పరీక్ష అసంపూర్తి అని రాశారు. నా దమ్మెంతో కచ్చితంగా తెలుసుకోవడం ఎలాగండీ?

జవాబు: ముందు ఆ రెండు అంకెలనూ ఒకే కొలమానంలోకి తెద్దాం. వీఓటూ మ్యాక్స్ అంటే గరిష్ఠంగా శ్రమించినప్పుడు కిలో శరీర బరువుకు నిమిషానికి మీరు వాడుకోగల ఆక్సిజన్, మిల్లీలీటర్లలో. ఒక మెట్ అంటే కిలో శరీర బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కాబట్టి, 7 మెట్స్ అంటే 24.5 అవుతుంది. వాచీ 33 అంటోంది. నిజానికి మీరు వాడుకున్న ఆక్సిజన్‌ను ఈ రెండింటిలో ఏదీ కొలవలేదు. రెండూ అంచనా కట్టాయి.

వాచీ మీ నడక వేగాన్నీ నాడి వేగాన్నీ పక్కపక్కన పెట్టి, ఇంత వేగంగా నడిచినా నాడి ఇంతే పెరిగిందంటే మనిషి గట్టివాడే అని లెక్క వేస్తుంది. మీ నాడిని అణచి ఉంచుతున్నది మెటోప్రొలాల్ అని దానికి తెలియదు. మందు చేసిన పనిని అది మీ దారుఢ్యం ఖాతాలో జమ వేసింది.

ట్రెడ్‌మిల్ లెక్క బెల్టు వేగం, వాలు మీద ఆధారపడుతుంది. ఎక్కువగా వాడే బ్రూస్ పద్ధతిలో మూడేసి నిమిషాలకు ఒక దశ. గంటకు 4 కిలోమీటర్ల వేగం, 12 శాతం వాలు ఉండే రెండో దశ పూర్తయితే సుమారు 7 మెట్స్ అని రిపోర్టులో పడుతుంది. మోకాలి నొప్పికి మీరు పక్క కడ్డీ మీద బరువు మోపారా? మోపి ఉంటే ఆ 7 కూడా ఎక్కువే. ఇక 'అసంపూర్తి' అన్న మాట మీ దమ్ము గురించి కాదు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే 149 మీ గరిష్ఠ నాడి వేగానికి ఒక అంచనా, అందులో 85 శాతం 127. అంతవరకు నాడి పెరగకపోతే గుండె రక్తనాళాల జబ్బు లేదని ఈసీజీ చూసి ధీమాగా చెప్పలేరు. 2001లో వచ్చిన మరో సూత్రం ప్రకారం మీ గరిష్ఠ వేగం 149 కాదు, 158. మెటోప్రొలాల్ లాంటి, నాడి వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి ఈ రెండు సూత్రాలూ సరిపోవు. అయితే పరీక్ష కోసమని మందు మీ అంతట మీరు ఆపవద్దు. ఆ నిర్ణయం మీ గుండె వైద్యులదే.

కచ్చితమైన కొలత కావాలంటే ముఖానికి మాస్కు తొడిగి, పీల్చి వదిలే గాలిని విశ్లేషించే కార్డియో పల్మనరీ వ్యాయామ పరీక్షే చేయాలి. మోకాలు అరిగినవారికి మెల్లగా బరువు పెంచే సైకిల్ మీద చేయడం మేలు. పెద్దవారిలో చాలామందికి గుండె కంటే ముందు కాళ్లు మొరాయిస్తాయి. అందుకే వచ్చిన అంకెను గరిష్ఠం అనకుండా, ఆ పరీక్షలో చేరిన శిఖరం అని మాత్రమే అంటారు. కారణం తెలియని ఆయాసం ఉన్నప్పుడో, పెద్ద ఆపరేషన్‌కు ముందో ఈ పరీక్ష అవసరపడుతుంది. ఊరికే కుతూహలం కోసమైతే నేను సిఫారసు చేయను.

మీకు ఆరు నిమిషాల నడక పరీక్ష చాలు. మీ వైద్యులు సరేనన్నాక, చదునైన వరండాలో టేపుతో 30 మీటర్లు కొలిచి, రెండు కొసలా కుర్చీలు వేయించండి. ఆ మధ్య వీలైనంత దూరం నడవండి, పరుగెత్తకూడదు. ఆయాసం వస్తే నిలబడవచ్చు గానీ గడియారం ఆపకూడదు. ఛాతీ నొప్పి, తల తిరుగుడు వస్తే వెంటనే మానేయాలి. పద్నాలుగు సార్లు ఆ దూరం నడిచి, పైన 12 మీటర్లు వచ్చారనుకోండి, 432 మీటర్లు. దీన్నుంచి వీఓటూ మ్యాక్స్ లెక్కగట్టే ప్రయత్నం చేయకండి, మీటర్లుగానే రాసుకోండి. రెండోసారి నడిస్తే అలవాటు వల్లనే కొంత పెరుగుతుంది కాబట్టి, ఒకటి రెండు రోజుల తేడాతో రెండుసార్లు నడిచి, ఎక్కువ వచ్చిన దూరాన్ని తీసుకోండి. మూడు నెలలకోసారి అదే వరండా, అవే చెప్పులు, మందు వేసుకున్నాక అదే వేళ ఉండేలా చూసుకోండి. ఊపిరితిత్తుల రోగుల్లో సుమారు 30 మీటర్ల మార్పును లెక్కలోకి తీసుకోదగిందిగా భావిస్తారు. అంతకు మించి దూరం తగ్గితే, ఆ రోజు మిమ్మల్ని ఆపింది ఆయాసమా, మోకాలా అన్నది పక్కనే రాసి, ఆ కాగితం వైద్యులకు చూపించండి.