తిరుపతిలో ఇల్లు కొనబోయే అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పెదనాయన దీవెనలు.

60 లక్షల ఫ్లాటు చూశామని, బాల్కనీలోంచి కొండ కనబడుతుందని రాశావు. సంతోషం. సర్వే నంబరు మాత్రం రాయలేదు. తిరుపతిలో ముందు అడగాల్సింది అదే. ఊళ్లోనూ చుట్టూతానూ దేవస్థానం భూములు, మఠం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు), చెరువు పోరంబోకులు ఉన్నాయి. వాటి మీద లేచిన ఇంటికి కూడా కరెంటు మీటరు, పన్ను రసీదు ఉండొచ్చు. అవి ఉంటే హక్కు ఉన్నట్టు కాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల పట్టిక) తీసి, సబ్‌డివిజన్‌తో సహా ఆ నంబరు అందులో లేదని నువ్వే చూసుకో. ఉందా, బేరం అక్కడే ఆపు. ‘త్వరలో తీయించేస్తాం’ అనేవాళ్లని తీయించాకే రమ్మను.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 30 ఏళ్లకి తియ్యి. అయితే రిజిస్టరైనవే అందులో కనబడతాయి. పత్రాలు ఎవరి దగ్గరో కుదువబెట్టి చేబదులు తెచ్చి ఉంటే ఈసీకి తెలియదు. అందుకే ఒరిజినల్ దస్తావేజూ లింకు డాక్యుమెంట్లూ (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) చేత్తో పట్టుకుని చూడాలి, జిరాక్సులతో సరిపెట్టుకోవద్దు. స్థలం పెద్దల ఆస్తి అయితే ఆడబిడ్డలు సంతకం పెట్టారా చూడు. ‘పెళ్లిలోనే ఇచ్చేశాం’ అనే మాట చాలదు, రిజిస్టరైన హక్కు విడుదల పత్రం కావాలి. జీపీఏ (యజమాని తరఫున అమ్మడానికి రాసిచ్చిన అధికార పత్రం) మీద అమ్ముతుంటే, అది రాసిచ్చిన మనిషి బతికే ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న.

ఫ్లాటు కాబట్టి ఆమోదం పొందిన ప్లాను అడిగి అంతస్తులు లెక్కపెట్టు. ప్లానులో లేని పై అంతస్తు చవగ్గా వస్తుంది, బ్యాంకు అప్పు మాత్రం రాదు. నీ వాటాకి వచ్చే స్థలం అంకణాల్లో చెబితే గజాల్లో రాయించుకో. మన దగ్గర అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు లెక్క దానికి రెట్టింపు. ఇక 1,200 అడుగుల ఫ్లాటు అంటే గోడల మధ్య 1,200 కాదు. మెట్లు, లిఫ్టు అన్నీ కలిపి చెప్పే అంకె అది. టేపు తీసుకెళ్లి గదులు కొలువు.

ఇప్పుడు డబ్బు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 60 లక్షల ఇంటికి బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వదు. అంటే 12 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అదొక 4.5 లక్షలు, అదీ మీ చేతిలోంచే. లాయరు, బ్యాంకు ఖర్చులు, కబోర్డులు కలిపితే 20 లక్షలు లేకుండా దిగొద్దు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. మరిచిపోతే నోటీసు మీకే వస్తుంది. ‘కొంత క్యాష్‌గా ఇచ్చి దస్తావేజులో తగ్గించి రాద్దాం’ అంటే ఒప్పుకోకు. తక్కువ రాస్తే అప్పూ తగ్గుతుంది, రేపు మీరు అమ్మేటప్పుడు లాభం పన్నూ పెరుగుతుంది.

అడ్వాన్సు చిన్న మొత్తమే, అదీ అగ్రిమెంటు రాసుకున్నాకే, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ‘లీగల్ ఒపీనియన్ సరిగా రాకపోతే, అప్పు మంజూరు కాకపోతే అడ్వాన్సు పూర్తిగా వాపసు’ అనే వాక్యం ఉండి తీరాలి. అప్పు రావడానికి గడువు 60 నుంచి 90 రోజులు పెట్టించు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బుకి భద్రత, మీ తరఫున ఇంకొకరు వేరే చూడాలి.

అమ్మేవాళ్లు లేనప్పుడు ఒకసారి వెళ్లి వాచ్‌మన్‌నీ అద్దెకున్నవాళ్లనీ పలకరించు. 2021 నవంబరు వానలకి ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఎండాకాలంలో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు, బోరు నీళ్లకి బకెట్ల మీద తెల్ల పొర కడుతుందా, ఇవి అడుగు. మొదటి సమాధానం బాగోకపోతే కారు పార్కింగు నేలకింద సెల్లారులో ఉన్న ఫ్లాటు వద్దు.

రిజిస్ట్రేషన్ అయిన నెలలోపే కార్పొరేషన్‌లో ఇంటి పన్ను, కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్‌లో మీటరు మీ పేరుకి మార్పించుకోండి. పాత బకాయిలు లేవని రసీదులు అమ్మేవాళ్ల దగ్గర ముందే తీసుకో. చివరి చెక్కు చేతికిచ్చాక వాళ్లు ఫోను ఎత్తరు.

పెదనాయన