సెలవుల్లో పగలు ఎటు పోతోంది

శ్రీకాకుళం

అమ్మలూ,

"రోజంతా ఖాళీయే పెద్దమ్మా, అయినా ఒక్క పనీ తెమలట్లేదు" అని మెసేజ్ పెట్టావు. ఫోన్లో జవాబు చెబితే మధ్యలో మీ అమ్మ అందుకుంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ టైమ్‌టేబుల్ గోడ మీంచి తీసెయ్. గంటగంటకీ ఓ పని రాసుకున్న కాగితం బళ్ళో పనికొస్తుంది, అక్కడ గంట కొట్టడానికి మనిషి ఉంటాడు. ఇంట్లో ఒక్క గడి తప్పితే చాలు, "ఇవాళ ఎలాగూ పోయింది, రేపట్నుంచి చూద్దాం" అనేస్తాం. నేను పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో, స్కెచ్ పెన్నులతో గీసుకున్న సెలవుల టైమ్‌టేబుల్ నెలాఖరు దాకా నడిపిన పిల్లని చూడలేదు.

సెలవులకి విజయనగరం ఇంటికొచ్చినా నువ్వింకా హైదరాబాద్ హాస్టల్ వేళలే పాటిస్తున్నావు. మనవైపు ఎండ లెక్క వేరు. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. మన విజయనగరం, శ్రీకాకుళం దానికి కాస్త తూర్పున ఉన్నాయి, హైదరాబాద్ బాగా పడమట ఉంది. అందుకే అక్కడికంటే ఇక్కడ సుమారు 20 నిమిషాలు ముందే తెల్లారుతుంది. మే నెల మధ్యలో ఐదూ ఇరవైకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. నువ్వు ఎనిమిదిన్నరకి లేచి, టిఫిను తిని, పుస్తకం తెరిచేసరికి పది. అప్పటికే డాబా కాలి, ఉక్కపోత మొదలై ఉంటుంది. ఆ వేళకి ఎంత తెలివైనదానికైనా బుర్ర పనిచెయ్యదు. నిన్ను నువ్వు బద్ధకస్తురాలినని తిట్టుకోకు.

ఐదింటికి లే. ముఖం కడుక్కుని కాఫీ తాగి, ఐదున్నర నుంచి ఎనిమిది దాకా కూర్చో. నీ రోజులో అసలు చదువు అంతే. మిగతా పగలంతా ఎలా గడిచినా నాకు పట్టింపు లేదు. అయితే ఆ రెండున్నర గంటల్లో ఏం చెయ్యాలో ముందురాత్రే తేల్చుకోవాలి, అదీ చిన్నదిగా. "స్టాటిస్టిక్స్ చదవాలి" అని రాసుకుంటే పుస్తకం చూస్తేనే నీరసం వస్తుంది. "ప్రాబబిలిటీ చాప్టర్ చివర లెక్కల్లో మొదటి పది" అని రాసుకో. ఎనిమిదైతే లెక్క సగంలో ఉన్నా లేచిపో. తరవాతి స్టెప్ ఏమిటో చీటీ మీద రాసి అదే పేజీలో పెట్టు. మర్నాడు "ఎక్కడ మొదలెట్టను" అనే గుంజాటన ఉండదు. మొదలెట్టడానికే మనకి గంట పడుతుంది, గమనించావా?

ఫోను మాత్రం వంటింట్లో చార్జింగ్‌కి పెట్టు. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకుంటానంటే నేను నమ్మను. నేనే ఉంచుకోలేను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట పడుకో. తప్పేం లేదు, కాకపోతే అలారం పెట్టుకో. రెండింటికి వాల్చిన నడుం ఐదింటికి లేస్తే రాత్రి ఒంటిగంటైనా నిద్ర పట్టదు, తెల్లవారుజాము చదువు మూలపడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా. మే చివరి వారం నుంచి ఓ పక్షం రోజులు పొద్దున్న చదువు కూడా సగానికి తగ్గించుకో.

ఇంకో సంగతి. ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఖాళీగా ఉందనే అనుకుంటారు. పెరుగు తోడెయ్యడం, గ్యాస్ అబ్బాయి కోసం తలుపు దగ్గర కాచుకోవడం, చుట్టాలొస్తే టీ, అన్నీ నీ మీదే పడతాయి. మీ తమ్ముడు మాత్రం క్రికెట్ బ్యాటు పట్టుకుని పోతాడు. నోరు మూసుకుని చేసి లోపల్లోపల కుతకుతలాడకు. "ఎనిమిది దాకా నన్ను పిలవొద్దు, సాయంత్రం గిన్నెలూ బట్టలూ నావి" అని మీ అమ్మతో ఒకేసారి తేల్చి చెప్పు. తమ్ముడికీ ఓ పని అంటగట్టు.

ఆవకాయ పెట్టే రోజు మాత్రం పుస్తకం ముట్టకు. ఆ రోజు పోయిందని లెక్కేసుకోకు కూడా. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, కత్తిపీట మీద కొట్టాక ఒక్కో ముక్క చేతిలోకి తీసుకుని జీడి తీసెయ్యాలి. టెంకకి లోపల అంటుకుని కాగితంలాంటి పల్చని పొర ఉంటుంది, అది గోటితో లాగి, పొడిగుడ్డతో తుడవాలి. బుట్టెడు ముక్కలు అలా చేసేసరికి నడుం పట్టేస్తుంది. మీ అమ్మకి ఉప్పూ కారం ఆవపిండీ పాళ్ళు చేతికొలతే, ఎక్కడా రాసిపెట్టలేదు. ఈసారి పక్కన కూర్చుని నోటుబుక్కులో ఎక్కించు. మూడోరోజు తిరగ కలిపేటప్పుడు ఉప్పు చూసి ఏం వేసిందో అదీ రాయి.

సాయంత్రం గాలి తిరిగాక ఇంట్లో కూర్చోకు. అయ్యకోనేరు గట్టు దాకా నడిచి రా. లేదా జిల్లా గ్రంథాలయానికి వెళ్ళు. అక్కడ పోటీ పరీక్షలకి చదివే పిల్లలుంటారు, వాళ్ళని చూస్తే మనకీ కాస్త సిగ్గేసి పుస్తకం తెరుస్తాం. ఒక రోజు ఇవేవీ కుదరకపోతే మర్నాడు రెట్టింపు చెయ్యాలని మాత్రం కూర్చోకు. బాకీ తీర్చడం మొదలెడితే మళ్ళీ గోడ మీద కాగితం వస్తుంది.

మీ నాన్న "సెలవుల్లో కూడా ఐదింటికే లైటేంటే" అని గొణిగితే నా పేరు చెప్పు. నాతో మాట్లాడమను.

నీ
పెద్దమ్మ