పాఠకుల ప్రశ్నలు: సెతౌచి జకుచో తిరిగి నిలబెట్టిన స్త్రీలు

జపాను రచయిత్రి సెతౌచి జకుచో (1922–2021) పేరు గత సంచికలో ప్రస్తావనవశాత్తు వచ్చింది. అది చూసి చెన్నై, బెంగళూరు పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఆమె నవలలు రాస్తూనే సన్యాసం తీసుకున్నారని రాశారు. ఆమె జీవిత వివరాలు చెప్పగలరా? (మైలాపూరు, చెన్నై)

జవాబు: ఆమె 1922 మే 15న షికోకు ద్వీపంలోని తొకుషిమాలో, బౌద్ధుల పూజాసామగ్రి అమ్మే వర్తకుని ఇంట పుట్టారు. అప్పటి పేరు హరుమి. తోక్యోలో కళాశాల చదువు సాగుతుండగానే 1943లో వివాహం జరిగింది. భర్త వెంట అప్పటికి జపాను ఆక్రమణలో ఉన్న బీజింగు వెళ్ళారు. మరుసటి ఏడు అక్కడే కూతురు పుట్టింది. 1945 జూలైలో తొకుషిమా మీద జరిగిన వైమానిక దాడిలో తల్లి చనిపోయిన సంగతి, 1946లో స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాతగాని ఆమెకు తెలియలేదు. ప్రభుత్వం చెప్పిన యుద్ధ ప్రచారాన్ని మనసారా నమ్మిన తాను, ఇకమీదట కంటితో చూసినదాన్నీ చేతితో తాకినదాన్నీ తప్ప మరి దేనినీ నమ్మకూడదని అప్పుడే నిశ్చయించుకున్నానని ఆమె తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు. ఆమె రచనా పద్ధతికి మూలం నాకు ఈ నిశ్చయంలోనే కనిపిస్తుంది.

1948లో ఆమె ఇల్లు విడిచారు. 1957లో ఒక వివాహిత దేహవాంఛను దాపరికం లేకుండా చిత్రిస్తూ రాసిన 'కషిన్' అనే కథ మీద విమర్శకులు విరుచుకుపడి, ఆమెకు 'గర్భాశయ రచయిత్రి' అని పేరు పెట్టారు. ఆ తరువాత దాదాపు ఐదేళ్ళపాటు ప్రధాన సాహిత్య పత్రికలు ఆమెకు చోటివ్వలేదు. పెళ్ళయిన ఒక పెద్దవయసు రచయితతోనూ, తనకంటె చిన్నవాడైన మరొకరితోనూ ముడిపడిన తన జీవితాన్నే ముడిసరుకుగా చేసుకుని రాసిన 'నత్సు నో ఒవారి'కి 1963లో మహిళా సాహిత్య బహుమతి రావడంతో మళ్ళీ నిలదొక్కుకున్నారు. 1973 నవంబరులో, పాఠకాదరణ పుష్కలంగా ఉన్న రోజులలో, హిరైజుమిలోని చూసొంజి ఆలయంలో తెందాయి శాఖకు చెందిన బౌద్ధ సన్యాసం స్వీకరించి జకుచో అయ్యారు. దీక్ష ఇచ్చిన గురువు కొన్ తోకో కూడా నవలాకారుడే. క్యోతో శివార్లలోని సగానోలో ఆశ్రమం కట్టుకుని, 2021 నవంబరు 9న తొంభై తొమ్మిదవ ఏట మరణించే వరకు రాస్తూనే ఉన్నారు.

ప్రశ్న: మూడేళ్ళ బిడ్డను వదిలి వెళ్ళిన స్త్రీని గొప్ప రచయిత్రిగా ఎలా గౌరవించడం? (మారతహళ్ళి, బెంగళూరు)

జవాబు: మీ బాధను నేను తోసిపుచ్చను. ఆమె కూడా తోసిపుచ్చలేదు. భర్త పాత శిష్యుడి మీద ప్రేమతో ఇల్లు విడిచిన సంగతిని దాచలేదు, గొప్ప తిరుగుబాటుగా అలంకరించుకోనూ లేదు. బిడ్డను వదలడం తన జీవితంలో తీరని పశ్చాత్తాపమని వృద్ధాప్యంలో కూడా చెబుతూ వచ్చారు. గౌరవించాలా వద్దా అన్నది మీ ఇష్టమే గాని, ఆ పనిని మన్నించలేని పాఠకులు కూడా ఆమె రాసిన జీవితచరిత్రలు చదవవలసినవే.

ప్రశ్న: నవలలతో పేరు వచ్చిన ఆమె జీవితచరిత్రల వైపు ఎందుకు మళ్ళారు? ఎవరి గురించి రాశారు? (మల్లేశ్వరం, బెంగళూరు)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. నా అభిప్రాయంలో ఆమె పనిలో ఎక్కువ కాలం నిలిచే భాగం ఇదే.

కాలక్రమం గమనించండి. పెద్ద పత్రికలు తలుపులు మూసిన ఆ సంవత్సరాలలోనే, రచయితలు తమలో తాము నడుపుకునే ఒక చిన్న పత్రికలో ఆమె తమురా తొషికో (1884–1945) జీవితచరిత్రను ధారావాహికగా రాశారు. తొషికో ఇరవయ్యవ శతాబ్దపు రెండవ దశకంలో కలంతోనే బ్రతికిన ప్రసిద్ధ నవలాకారిణి. 1918లో ప్రేమించిన పాత్రికేయుని వెంట కెనడాలోని వాంకూవరు వెళ్ళి, పద్దెనిమిదేళ్ళ తరువాత తిరిగి వచ్చి, చివరకు షాంఘైలో మరణించారు. ఆమెను గురించి మిగిలినవి ప్రేమ వ్యవహారాల కబుర్లే. సెతౌచి ఆ కబుర్లను పక్కకు నెట్టి, ఆమెను ఎరిగినవారిని వెతికి, రచనలను తిరిగి చదివి, ఒక రచయిత్రిని నిలబెట్టారు. ఆ పుస్తకం 1961లో వెలువడి, తొషికో పేరిటే అప్పుడు నెలకొల్పిన బహుమతిని మొట్టమొదట అందుకున్నది. అపవాదుతో తన నోరు మూయించినప్పుడు, అపవాదు కింద పూడిపోయిన మరొక రచయిత్రిని తవ్వి తీయడం ఆమె ఇచ్చిన జవాబు.

మద్రాసులో ఉన్న మనకు ఇటువంటి పని కొత్త కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను శృంగారం మితిమీరిందని పెద్దలు ఈసడించిన కాలంలో, బెంగళూరు నాగరత్నమ్మ మూలప్రతి వెతికించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటింపజేశారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించగా, ప్రకాశం పంతులుగారి హయాములో గాని ఆ నిషేధం తొలగలేదు. ఒక స్త్రీ గ్రంథానికి మరొక స్త్రీ పూచీపడిన ఈ ఉదంతం తెలిసినవారికి సెతౌచి పట్టుదల సులభంగా అర్థమవుతుంది.

తరువాత ఆమె వరుసగా ఓకమొతో కనొకో, ఇతో నోయె, కన్నో సుగా, కనెకో ఫుమికోల జీవితాలు రాశారు. కనొకో కవయిత్రి, నవలాకారిణి. తక్కిన ముగ్గురూ రాజ్యం చేతిలో నలిగినవారు. ఫుకుఓకా దగ్గరి పల్లెలో పుట్టిన నోయె, బలవంతపు పెళ్ళి తప్పించుకుని తోక్యో పారిపోయి, హిరత్సుక రైచో 1911లో స్థాపించిన స్త్రీల పత్రిక 'సెయితో'కు ఇరవయ్యేళ్ళ ప్రాయంలో సంపాదకురాలైంది. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపం తరువాతి గందరగోళంలో, అదే నెల 16న, సైనిక పోలీసులు ఆమెనూ, ఆమె సహచరుడైన అరాజకవాది ఓసుగి సకాయెనూ, వెంట ఉన్న ఆరేళ్ళ మేనల్లుడినీ పట్టుకుపోయి చంపారు. ఆమెకు అప్పటికి 28 ఏళ్ళు. చక్రవర్తి హత్యకు కుట్ర పన్నారన్న అభియోగం మీద మరణశిక్ష పడిన 24 మందిలో ఉరికంబమెక్కిన 12 మందిలో ఏకైక స్త్రీ కన్నో సుగా. మిగిలిన పదకొండుగురిని ఉరితీసిన మరునాడు, 1911 జనవరి 25న ఆమెను ఉరితీశారు. ఫుమికో మరణశిక్షను యావజ్జీవంగా మార్చినా, 1926లో ఇరవై మూడేళ్ళకే జైలులో ప్రాణం విడిచింది. యుద్ధానికి ముందు జపానులో వీరి పేర్లు పలకడమే ప్రమాదం. ఓటమి తరువాత ఆ నిర్బంధం పోయినా, బజారు కబుర్లలోని 'చెడ్డ ఆడవాళ్ళు'గానే వారు మిగిలిపోయేవారు. అలా కాకుండా చేసిన వారిలో సెతౌచి ముఖ్యులు.

ప్రశ్న: సంభాషణలు కల్పించి రాసినదాన్ని జీవితచరిత్ర అనవచ్చునా? (అణ్ణానగర్, చెన్నై)

జవాబు: చరిత్రకారుల కొలత ప్రకారం అనలేము, ఆమె కూడా వీటిని నవలలుగానే భావించారు. అయితే కల్పనకు ముందు జరిగిన శ్రమ చూడాలి. నోయె కథ కోసం ఆమె క్యూషూ వెళ్ళి, నోయె కుమార్తెతో కూర్చుని మాట్లాడారు. కన్నో సుగా విషయంలో జైలులో రాసుకున్న దినచర్య ఆధారంగా నిలిచింది. ఉత్తరాలు, వ్యాసాలు, బ్రతికి ఉన్నవారి జ్ఞాపకాలు ఒకదానికొకటి పొసగని చోట ఆ వైరుధ్యాన్ని దిద్దకుండా పాఠకుల ముందే ఉంచడం నాకు నచ్చిన గుణం. పోలీసు రికార్డులూ, శత్రువుల మాటలూ మాత్రమే మిగిలిన మనిషి మనసులోకి వెళ్ళడానికి కల్పన తప్ప దారి లేని సందర్భాలు ఉంటాయి. ప్రేమ ఘట్టాలలో మాత్రం ఆమె తన అనుభవాన్ని పాత్రల మీద మోపినట్లు అక్కడక్కడ అనిపిస్తుంది.

ప్రశ్న: మన చలంగారితో పోల్చవచ్చునా? (టి.నగర్, చెన్నై)

జవాబు: అశ్లీలం పేరిట నిందలు, ఆ తరువాత ఆధ్యాత్మిక జీవితం, ఇంతవరకు పోలిక సరిపోతుంది. కాని 1950లో అరుణాచలం చేరిన చలం పాత చలంగా ఉండలేదు. జకుచో సన్యాసం తరువాత ఎక్కువ రాశారు. 1992లో తనిజకి బహుమతి, 2001లో నోమా బహుమతి వచ్చాయి. ప్రాచీన జపాను నవల 'గెంజి గాథ'ను పది సంపుటాలలో 1998 నాటికి ఆధునిక జపాను భాషలోకి తెచ్చారు. 1991లో గల్ఫ్ యుద్ధానికీ, 2012లో తొంభై ఏళ్ళకు చేరువలో అణువిద్యుత్తుకూ వ్యతిరేకంగా నిరాహారదీక్ష చేశారు. మరొక భేదం కూడా మరువరాదు. స్త్రీ కోరికను గురించి పురుషుడు రాస్తే రచనను తిట్టినవారు, స్త్రీ రాస్తే ఆమె దేహాన్నే తిట్టారు.

ప్రశ్న: జపాను భాష రాని మేము ఎక్కడ మొదలుపెట్టాలి? (జయనగర్, బెంగళూరు)

జవాబు: ఇంగ్లీషులో 'ద ఎండ్ ఆఫ్ సమ్మర్' పేరుతో 'నత్సు నో ఒవారి', 'బ్యూటీ ఇన్ డిసరే' పేరుతో నోయె కథ లభిస్తాయి. మొదటిది చిన్నదే అయినా, నేను రెండవదానినే ముందు చదవమంటాను. పేర్లు విస్తారంగా ఉంటాయి కనుక ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక కాగితం మీద రాసుకుంటూ చదవండి. ఈ సంపుటం 1916లో ఓసుగి మీద జరిగిన కత్తిదాడితో ఆగిపోతుందని, నోయె హత్య వరకు రాదని తెలిసి మొదలుపెట్టండి. ఆ భాగాన్ని ఆమె సుమారు ఇరవై ఏళ్ళ తరువాత, 1984లో వెలువడిన రెండవ సంపుటంలో పూర్తి చేశారు.