ఎ వైజన్ కొండకి వెళ్తామంటున్న తమ్ముడికి

ప్రశ్న: అక్కా, మేం నలుగురం గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదువుతున్నాం. వేసవిలో బెన్ నెవిస్ ఎక్కాం. ఈసారి జనం లేని చోటికి వెళ్లాలనుంది. మారుమూల కొండల్లో ఎ వైజన్ మొదటిదని విన్నాం. సెప్టెంబర్ చివర్లో ఒక్కరోజులో వెళ్లొద్దామనుకుంటున్నాం. తిరుమల మెట్లు నాలుగుసార్లు ఎక్కినవాళ్లం, నడక మాకు అలవాటే. ఏమేం పట్టుకెళ్లాలి?

జవాబు: తమ్ముడూ, వెళ్లాలన్న కోరిక పుట్టడమే మంచి మాట. పద్నాలుగేళ్లుగా ఉత్తర స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌లో ఉంటున్నాను. ఇక్కడికొచ్చి నేను సంపాదించుకున్నవాటిలో ఈ కొండల్ని మించింది లేదు. అయితే సామాన్ల సంగతి తర్వాత, ముందు మీ ప్లాన్ గురించి మాట్లాడుకుందాం. సెప్టెంబర్ చివర్లో, ఒక్కరోజులో అయితే వద్దు.

ఎత్తు చూస్తే ఎ వైజన్ 967 మీటర్లే. మీరెక్కిన బెన్ నెవిస్ 1,345. మన అల్లూరి జిల్లాలోని అరమ కొండ ఈ రెండిటికన్నా పెద్దది, 1,680. 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండల్ని ఇక్కడ మున్రోలంటారు. 1891లో హ్యూ మున్రో వేసిన పట్టిక నుంచి వచ్చిన పేరది. ఇప్పుడు లెక్కకి 282 ఉన్నాయి. వాటిలో ఎ వైజన్‌ని కష్టం చేసేది ఎత్తు కాదు, దూరం. ఆ తర్వాత నీళ్లు.

పూల్యూ ఊరి నుంచి బయల్దేరితే రానూపోనూ దాదాపు 40 కిలోమీటర్లు. తిరుమల దారిలో నీడకి పైకప్పు ఉంటుంది, దాహానికి కుళాయి ఉంటుంది, కాలు బెణికితే పట్టుకునే చెయ్యి ఉంటుంది. బెన్ నెవిస్ మీద కూడా మీ ముందొకరు వెనకొకరు నడిచే ఉంటారు. ఇక్కడ దారిలో వచ్చే కెర్న్సరీ అనే చోటు దాటాక రోజంతా మనిషి కనపడకపోవచ్చు. ఫోన్‌కి సిగ్నల్ ఉండదు.

కాలం లెక్క వేసి చూడు. 1892లో నైస్మిత్ అనే ఆయన చెప్పిన సూత్రాన్నే ఇక్కడివాళ్లు నేటికీ వాడతారు: 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 300 మీటర్ల ఎక్కుడికి ఇంకో అరగంట. 40 కిలోమీటర్లకి 8 గంటలు, వెయ్యి మీటర్ల ఎక్కుడికి సుమారు రెండు గంటలు. ఇది ఎక్కడా ఆగకుండా, బురదలో కాలు దిగబడకుండా నడిస్తే. కొత్తవాళ్లు నలుగురు కలిసి నడిస్తే 13, 14 గంటలు అనుకోవాలి. సెప్టెంబర్ చివర్లో పగలే 12 గంటలు. మిగతా దారి చీకట్లో, దారి సరిగా కనపడని చోట నడవాలి. అదే జూన్‌లో అయితే రాత్రి పదింటికీ వెలుగుంటుంది.

ఇక నీళ్ల సంగతి. దీన్ని మాత్రం ఓపిగ్గా చదవండి.

ఈ కొండకి రెండో దారి ఉత్తరాన డండొనెల్ వైపు నుంచి. మేం మొదటిసారి అటే వెళ్లాం. షెనవాల్ అనే బోతీలో రాత్రి పడుకున్నాం. బోతీ అంటే నడిచేవాళ్ల కోసం తాళం లేకుండా వదిలేసిన రాతి ఇల్లు. కరెంటు, కుళాయి ఏమీ ఉండవు. 1965లో మొదలైన మౌంటెన్ బోతీస్ అసోసియేషన్ వాలంటీర్లు వీటిని బాగుచేసి నిలబెడుతున్నారు. షెనవాల్ దాటి కొండ వైపు వెళ్లాలంటే రెండు వాగులు దాటాలి, వంతెన లేదు. సాయంత్రం చూసినప్పుడు మోకాలి కిందికే ఉన్నాయి. రాత్రంతా వాన. తెల్లారేసరికి నీళ్ల రంగు మారిపోయింది, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు బోతీ గుమ్మం దాకా వినపడింది. మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరం చూసుకుని మూటముల్లె సర్దుకుని వెనక్కి వచ్చేశాం. ఆ కొండ ఎక్కింది మరుసటి ఏడాది జూన్‌లో, పూల్యూ నుంచి.

మన వాగుల్లాగే ఇవీ గంటల్లో పొంగుతాయి, వాన తగ్గితే చాలాసార్లు గంటల్లోనే తగ్గుతాయి. పొద్దున అడుగు తడవకుండా దాటిన వాగు సాయంత్రం తిరిగొచ్చేసరికి అడ్డం పడొచ్చు. మోకాలు దాటి ఉరవడిగా పారుతుంటే దిగొద్దు. కూర్చోండి, లేదా చుట్టూ తిరిగి రండి. దాటక తప్పని చోట వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న దగ్గర, బూట్లతోనే దిగాలి. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేసి దిగాలి, పడితే బ్యాగు మనిషిని ముంచకుండా. 2024 ఏప్రిల్‌లో పిట్లాక్రీ దగ్గర లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం వద్ద, డండీలో చదువుతున్న మన పిల్లలిద్దరు నీళ్లలో పడి చనిపోయారు. వాళ్లూ మీలాగే సరదాగా నడవడానికి వెళ్లినవాళ్లే. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో అన్నం సహించలేదు. ఇక్కడి నీళ్లు ఏప్రిల్లోనూ మంచులా చల్లగా ఉంటాయి, ఈత వచ్చినవాడికీ ఊపిరి అందదు.

సామాన్ల గురించి పెద్దగా చెప్పను. జీన్స్ వేసుకోవద్దు, నూలు బట్ట తడిస్తే ఒంటి వేడంతా లాగేస్తుంది. ఉన్ని లేదా పాలిస్టర్, పైన వాన కోటు, వాన ప్యాంటు, జూన్‌లో అయినా టోపీ, గ్లవ్స్. కాగితం మ్యాపు, దిక్సూచి, తలకి కట్టుకునే లైటు, విజిల్. పులిహోర చలికి రెండో రోజుకీ బాగుంటుంది, సున్నుండలు ఇంకా మంచివి. ఎవరికైనా మాట ముద్దగా వస్తున్నా, కాళ్లు తడబడుతున్నా అది అలసట అనుకోకండి. ఒళ్లు చల్లబడిపోతోందని అర్థం. వెంటనే గాలి తగలని చోట కూర్చోబెట్టి పొడి బట్టలు వేయండి. ఇంటికొచ్చాక ఒళ్లంతా పేల లాంటి టిక్ పురుగుల కోసం వెతుక్కోండి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది.

మీరు అడగలేదు గానీ మనవాళ్లందరి మనసులో ఉండే భయం ఒకటుంది: సాయం పిలిస్తే బిల్లు వస్తుందని, వీసాకి ఏమవుతుందోనని. ఏమీ కాదు. మౌంటెన్ రెస్క్యూ వాళ్లు జీతం లేని వాలంటీర్లు, పైసా అడగరు. 999కి ఫోన్ చేసి ముందు పోలీసుల్ని అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. సిగ్నల్ సరిగా లేనిచోట ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది, కానీ ముందే 'రిజిస్టర్' అన్న ఇంగ్లీషు మాటని 999కి మెసేజ్ చేసి నమోదు చేసుకుని ఉండాలి. ఈ రాత్రే నలుగురూ చేసుకోండి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు.

2003 చట్టం ప్రకారం ఇక్కడ ఎస్టేట్ల భూముల్లోనూ బాధ్యతగా నడిచే హక్కు మనకుంది. అయితే ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా అక్కడ జింకల వేట జోరుగా సాగుతుంది, ఎస్టేట్‌వాళ్లు ఫలానా దారిలో వెళ్లండంటే వినడం మర్యాద. మీరనుకున్న తేదీలు వద్దనడానికి ఇదో కారణం.

మరి సెప్టెంబర్‌లో ఏం చేయాలి? మీ దగ్గర్లోనే బెన్ లోమండ్ ఉంది, 974 మీటర్లు. ఎ వైజన్‌కన్నా ఏడు మీటర్లు ఎక్కువే. రోవార్డెన్నన్ నుంచి మంచి బాట, ఐదారు గంటల్లో వచ్చేయొచ్చు. అక్కడ ఫోన్ జేబులో పెట్టి మ్యాపు, దిక్సూచితో నడవడం నేర్చుకోండి. మంచు పడ్డాక మాత్రం శిక్షణ లేకుండా ఏ మున్రో జోలికీ పోవద్దు. అవీమోర్ దగ్గర గ్లెన్‌మోర్ లాడ్జ్‌లో నేర్పిస్తారు.

జూన్ మొదట్లో రెండు రోజులు పెట్టుకుని పూల్యూ నుంచి వెళ్లండి, టెంటుతో. ఫియోన్ లాక్, డుబ్ లాక్ మధ్య రాళ్లు పేర్చిన కట్ట మీదుగా దాటతారు. గేలిక్‌లో వాటి పేర్లకి తెల్ల చెరువు, నల్ల చెరువు అని అర్థం, కొండ పేరుకి కన్య అని. శిఖరం మీద నిలబడితే కాళ్ల కింద ఆ రెండు చెరువులూ, వాటి చివర సముద్రమూ కనపడతాయి. అక్కడ చాలాసేపు కూర్చోండి.

బయల్దేరేముందు మీ దారి, కారు ఆపిన చోటు, తిరిగొచ్చే వేళ నాకు రాసి పంపు. చెప్పిన వేళకి నీ మెసేజ్ రాకపోతే 999కి నేను ఫోన్ చేస్తాను. దిగగానే పూల్యూలో సిగ్నల్ అందుతుంది, అన్నం తినకముందే మెసేజ్ పెట్టు.