తెర మీది రాక్షసబల్లులను ఎంతవరకు నమ్మవచ్చు?

డైనోసార్ల డాక్యుమెంటరీల గురించి నగరంలోని పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: 1999లో బీబీసీ ప్రసారం చేసిన 'వాకింగ్ విత్ డైనోసార్స్'ను చదువుకునే రోజుల్లో చూశాను. 2022లో వచ్చిన 'ప్రీహిస్టారిక్ ప్లానెట్'ను ఇప్పుడు మా అమ్మాయితో కలిసి చూస్తుంటే, ఆనాడు నున్నటి చర్మంతో కనిపించిన వేటజంతువులకు ఈనాడు ఈకలు వచ్చాయి. రెండింటినీ శాస్త్రజ్ఞుల సలహాతోనే తీశారంటారు. మరి పిల్లకు ఏది నిజమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: మధ్యలో గడిచిన కాలంలో ఆధారాలు పెరిగాయని చెప్పండి. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ శిలాజం మీద నూగు వంటి ఈకల జాడలు ఉన్నాయన్న సంగతి 1996లోనే వెలుగులోకి వచ్చింది. మంగోలియాలో దొరికిన ఒక వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద, నేటి పక్షులకు రెక్కల ఈకలు కుదురుకునే చోట ఉండే బుడిపెల వంటివే వరుసగా ఉన్నాయని 2007లో తేలింది. అలాగని ఈకలు ఎక్కువున్న బొమ్మే సరైనదని అనుకోవడం తొందరపాటు అవుతుంది. టైరనోసారస్ చర్మపు ముద్రలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దాని మెడ, కటి, తోక భాగాలలో పొలుసులే కనిపించాయి.

ఈకల విషయంలో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా చిత్రీకరణ తీరు మీదనే. పొద చాటు నుంచి తీసినట్లు వణికే కెమెరా, కటకం మీద జారే నీటిచుక్క, తాపీగా సాగే వ్యాఖ్యానం — ఇవన్నీ ఆ జంతువు నిజంగా మన ఎదుట నిలిచిందన్న భ్రమ కలిగించడానికి చేసే ఏర్పాట్లే కాబట్టి, ఎముక సాక్ష్యం ఉన్న సంగతీ, దగ్గరి బంధువులను బట్టి ఊహించిన సంగతీ, దృశ్యం రక్తి కట్టడానికి కల్పించిన సంగతీ ఒకే ధీమాతో మన చెవిన పడతాయి. పాత ధారావాహికలో లయోప్లూరోడాన్ అనే సముద్రపు సరీసృపాన్ని 25 మీటర్ల పొడవున చూపించారు. దొరికిన శిలాజాలను బట్టి చూస్తే అది అందులో మూడో వంతుకు మించడం కష్టం. అయినా చూసినవారికి ఆ 25 మీటర్లే గుర్తుండిపోయాయి.

వీలు చూసుకుని మీ అమ్మాయిని నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకువెళ్ళండి. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ప్రాణహిత–గోదావరి లోయలోని యామనపల్లి వద్ద తవ్వకాలలో బయటపడిన ఎముకలతో కూర్చినది. దానికి 1988లో పేరు పెట్టినవారు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి. ఆ చోట కనీసం పన్నెండు జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి గాని, రెండు పళ్ళు తప్ప తలకు సంబంధించినది ఏదీ దొరకలేదు. కాబట్టి మెడ చివర మీరు చూసే తల బంధుజాతులను బట్టి తయారు చేసిందే, మొండెమేమో ఒకటికి మించిన జంతువుల నుంచి కూర్చింది. ఇందులో మోసమేమీ లేదు, ప్రపంచమంతటా మ్యూజియంలు చేసే పని ఇదే. అయితే ఆ తల దగ్గర కాసేపు ఆగి, ఏది దొరికింది, ఏది చేర్చారు అని పిల్లచేత అడిగించగలిగితే, ఇంటికి వచ్చాక డాక్యుమెంటరీని కూడా తను అదే కన్నుతో చూస్తుంది.

ప్రశ్న: వాటి రంగులు, అరుపులు, పిల్లలను సాకే పద్ధతి ఎలా తెలుస్తాయి? అన్నీ కల్పనలేనా?
— ఒక ఇంటర్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: అన్నీ కావు. ఈకల శిలాజాలలో రంగునిచ్చే సూక్ష్మకణాల ఆకారం కొన్నిసార్లు చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఆ ఆకారాన్ని నేటి పక్షుల ఈకలతో పోల్చి, సైనోసారోప్టెరిక్స్ తోక మీద ఎర్రటి గోధుమ వన్నె పట్టీలు ఉండేవని 2010లో నిర్ధారించారు. అయితే ఇటువంటి అదృష్టం పట్టిన జాతులు కొన్నే. మిగిలినవాటి రంగులు చిత్రకారుడి ఇష్టం.

అరుపుల సంగతి ఇంకా సందిగ్ధం. మొసళ్ళు, నిప్పుకోళ్ళు నోరు మూసుకునే, గొంతు ఉబ్బించి లోతైన ధ్వని చేయగలవు కాబట్టి, పెద్ద డైనోసార్లలో కొన్నైనా అలాగే చేసి ఉండవచ్చునని 2016లో ఒక పరిశోధన సూచించింది. నోరు బార్లా తెరిచి సింహంలా గర్జించే టైరనోసారస్ మాత్రం సినిమావాళ్ళ సృష్టి.

ప్రవర్తన గురించి చెప్పాలంటే ఓవిరాప్టర్ కథ వినవలసిందే. గుడ్ల గూటి మీద దొరికిందని 1924లో దానికి గుడ్ల దొంగ అన్న ముద్ర వేశారు. దాదాపు డెబ్బై ఏళ్ళకు అటువంటి గుడ్డులోనే ఓవిరాప్టర్ జాతి పిండం బయటపడి, ఆ గుడ్లు దాని సొంతమేనని తేలింది. తరువాత పొదుగుతున్న భంగిమలోనే శిలలైన దాని బంధువులూ దొరికాయి. తల్లి డైనోసార్ గూటి మీద కూర్చున్న దృశ్యం తెర మీద కనబడితే నిశ్చింతగా నమ్మవచ్చు. అదే తల్లి బిడ్డ వంక తడి కళ్ళతో చూస్తే, అది సంగీత దర్శకుడి పనితనం.

ప్రశ్న: ఎగిరే టెరోసార్‌లు డైనోసార్లేనా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: కావు, దగ్గరి బంధువులు. మన కిటికీ మీద వాలే పావురం మాత్రం డైనోసార్ల వంశానిదే.

ప్రశ్న: 'ప్రీహిస్టారిక్ ప్లానెట్' రెండవ భాగంలో ఐసిసారస్‌లు దక్కను లావా ప్రాంతాన్ని దాటి వెళ్ళి, వెచ్చని నేలలో గుడ్లు పెడతాయి. అది మన బంజారాహిల్స్ బండల మధ్య జరిగి ఉండవచ్చా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మెహదీపట్నం

సమాధానం: నగరంలో మనం చూసే బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, అవి ఏర్పడిన నాటికి భూమి మీద జంతువులే లేవు కాబట్టి వాటిలో శిలాజాలు వెదకడం వృథా. ఐసిసారస్ ఎముకలు మహారాష్ట్రలోని డోంగర్‌గావ్‌లో దొరికాయి. ఆ కోవకు చెందిన భారీ శాకాహారుల గుడ్లు మన దేశంలో పుష్కలంగా ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్ళను, 256 గుడ్లను గుర్తించినట్లు 2023లో ప్రకటించారు. అయితే భూగర్భపు వేడిని గుడ్లు పొదగడానికి వాడుకున్నాయన్న ఆధారం అర్జెంటీనాలోని ఒక స్థలం నుంచి వచ్చింది. డాక్యుమెంటరీ దానిని మన దక్కనుకు అన్వయించింది. అసాధ్యమని అనలేము గాని, ఇక్కడ రుజువైన విషయం కాదు.

ఆ లావా రాయిని చూడాలని ఉంటే వికారాబాద్ వైపు వెళ్ళాలి. అటువైపు నస్కల్ వద్ద లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిని జల్లెడ పట్టి, డెక్కనోలెస్టిస్ అనే బుల్లి క్షీరదం పళ్ళను వెలికితీసి 1988లో వర్ణించారు. డైనోసార్ల చివరి కాలంలో ఇక్కడ తిరిగిన ఆ జీవి పళ్ళను కొలవడానికి మిల్లీమీటర్లు చాలు. దాని మీద ఒక డాక్యుమెంటరీ వస్తే ముందు వరుసలో కూర్చుని చూడటానికి నేను సిద్ధం.